బెల్లం అట్టు మానక్కర్లేదు, పిండి మార్చండి: ఎవరికి ఏది నప్పుతుంది

శ్రీకాకుళం, విజయనగరం వైపు ఇళ్లలో పొద్దున్నే తీపి తినడం తప్పని ఎవరూ అనుకోరు. బెల్లం అట్టు, చెరకు పానకంలో అద్దుకుని తినే మినప రొట్టి, బెల్లం ముక్క నంజుకుంటూ తాగే చోడి (రాగి) అంబలి, తాటిపళ్లు రాలే రోజుల్లో తాటి రొట్టి. వీటితో పెరిగినవాళ్లకి “రేపటి నుంచి ఇవన్నీ ఆపి మొలకలు తినండి” అని చెబితే వారం కూడా సాగదు. అది వాళ్ల బలహీనత కాదు. ఇష్టమైనది పూర్తిగా తీసేసి ఆ చోట ఇష్టంలేనిది పెడితే ఎవరికైనా కష్టమే.

అందుకని బెల్లం అట్టుని ఉండనిద్దాం, దాని లోపల ఏముందో మారుద్దాం. పప్పు రుబ్బాలా, గుడ్డు కొట్టాలా, పనీర్ కలపాలా, చోడిపిండి ఒక్కటీ సరిపోతుందా, డబ్బాలో వచ్చే ప్రొటీన్ పొడి కొనాలా అన్నదే చాలామంది చిక్కు. ఒక్కోదానికి ఒక్కో సుఖం, ఒక్కో ఇబ్బంది ఉన్నాయి. ఎవరింటికి ఏది కుదురుతుందో తేల్చుకోవడానికి ముందు మామూలు అట్టులో ఏముందో చూడాలి.

## మామూలు అట్టు లెక్క

ఒక మనిషికి రెండు అట్లు అనుకుందాం. 40 గ్రాముల గోధుమపిండి, 30 గ్రాముల బియ్యప్పిండి, 30 గ్రాముల బెల్లం, రెండు టీ స్పూన్ల నూనె. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2017లో వెలువరించిన ఆహార పట్టికల ప్రకారం లెక్క వేస్తే ఇది దాదాపు 430 కేలరీలు. అందులో ప్రొటీన్ 7 గ్రాములే. బెల్లం ఒక్కటే వందకు పైగా కేలరీలు తెస్తుంది, ప్రొటీన్ మాత్రం అర గ్రాము దగ్గరే ఆగుతుంది.

మనకి ఎంత కావాలి? అదే సంస్థ 2020 సిఫార్సుల ప్రకారం కిలో బరువుకి రోజుకి 0.83 గ్రాముల ప్రొటీన్ అవసరం. 65 కిలోల మగవాళ్లకి 54 గ్రాములు, 55 కిలోల ఆడవాళ్లకి 46 గ్రాములు. మూడు పూటలకి పంచితే టిఫిన్ వాటా 15 నుంచి 18 గ్రాములు. మధ్యాహ్నం అన్నం మీద పల్చటి పప్పుచారు, రాత్రి మిగిలిన కూర తినే ఇళ్లలో పొద్దుటి లోటు సాయంత్రానికి తీరదు. అందుకే ఇక్కడ ఒక అట్టు బాగుందీ లేదూ అని చెప్పేటప్పుడు పళ్లెంలో 15 గ్రాముల ప్రొటీన్, 15 గ్రాములకి మించని బెల్లం అన్న గీత గీసుకున్నాను.

## దేన్ని బట్టి ఎంచుకోవాలి

మొదటిది ప్రొటీన్ ఎంతన్నది. అదొక్కటే చూస్తే మోసపోతాం.

రెండోది బెల్లం. చక్కెర మంచిది కాదు, బెల్లం మంచిదే అన్న నమ్మకం మన దగ్గర గట్టిది. బెల్లంలో ఇనుము, ఇతర ఖనిజాలు కాస్త ఉంటాయి, రుచి గొప్పది, నిజమే. కానీ అందులో అత్యధిక భాగం చక్కెరే, రక్తంలో షుగర్‌ని పెంచే తీరులో పెద్ద తేడా ఉండదు. ప్రొటీన్ పెంచి బెల్లం అలాగే ఉంచితే సగం పనే అయినట్టు.

మూడోది రుచి. పళ్లెంలో పెట్టినది బెల్లం అట్టులా అనిపించాలి. లేకపోతే పిల్లలు ముట్టుకోరు, పెద్దలు మొహమాటానికి ఒకసారి తిని ఊరుకుంటారు.

నాలుగోది పొద్దుటి పని. ఏడున్నరకి బడి బస్సు వచ్చే ఇంట్లో మూకుడు మీద అరగంట రొట్టి కాల్చడం అయ్యే పని కాదు.

చివరిది తినేవాళ్ల ఒంటి తీరు. గ్యాస్ పట్టేవాళ్లు, షుగర్ ఉన్నవాళ్లు, మూత్రపిండాల జబ్బు ఉన్నవాళ్లు ఇంట్లో ఉంటే లెక్క మారిపోతుంది. మూత్రపిండాల సంగతి మన జిల్లాల్లో చాలా ముఖ్యం కాబట్టి దాని గురించి కింద విడిగా రాశాను.

## ఒక చూపులో

ఇవి ఒక మనిషికి, పచ్చి సరుకు బరువు మీద వేసిన అంచనాలు. పక్కన ఒక చిన్న గ్లాసు గేదెపాలు తాగితే ఏ వరసకైనా మరో 5 గ్రాముల ప్రొటీన్ కలుస్తుంది.

| రకం | ముఖ్యమైన సరుకు | ప్రొటీన్ | బెల్లం | ముందు పని |
|---|---|---|---|---|
| మామూలు బెల్లం అట్టు | గోధుమపిండి 40 గ్రా., బియ్యప్పిండి 30 గ్రా. | 7 గ్రా. | 30 గ్రా. | లేదు |
| పెసరపప్పు అట్టు | పెసరపప్పు 50 గ్రా., బియ్యం 15 గ్రా. | 13 గ్రా. | 10–15 గ్రా. | 3 గంటలు నానాలి |
| మినప రొట్టి | మినప్పప్పు 45 గ్రా., బియ్యపు రవ్వ 45 గ్రా. | 14 గ్రా. | 15 గ్రా., పానకంగా | రాత్రే రుబ్బాలి |
| గుడ్డు అట్టు | గోధుమపిండి 50 గ్రా., గుడ్డు 1, పాలు 100 మి.లీ. | 15 గ్రా. | 15 గ్రా. | లేదు |
| పనీర్ అట్టు | గోధుమపిండి 50 గ్రా., పనీర్ 50 గ్రా. | 15 గ్రా. | 15 గ్రా. | పాలు విరగ్గొట్టాలి |
| చోడి అట్టు | చోడిపిండి 40 గ్రా., పుట్నాల పొడి 20 గ్రా., వేరుశనగ పొడి 15 గ్రా. | 11 గ్రా. | 15 గ్రా. | పొడులు ఉంటే లేదు |
| ప్రొటీన్ పొడి అట్టు | గోధుమపిండి 50 గ్రా., పొడి అర స్కూపు (డబ్బాలో వచ్చే కొలత చెంచా) | 15–17 గ్రా. | 10 గ్రా. | లేదు |

## పెసరపప్పు అట్టు: ఎక్కువ ఇళ్లకి నా మొదటి మాట

పెసరపప్పులో వంద గ్రాములకి దాదాపు 24 గ్రాముల ప్రొటీన్ ఉంటుంది. బియ్యంలో ఉండేది 8. అంటే బియ్యప్పిండి తీసిన చోట పప్పు పెడితే అంతే బరువుకి మూడింతలు వస్తుంది. పప్పుల్లో ఇది పొట్టకి తేలిక. దొరకని ఊరు లేదు. రంగు కూడా లేత పసుపు, అట్టు చూడగానే ఇదేదో వేరే తిండి అనిపించదు.

చేసే పద్ధతిలో రెండు మూడు చోట్ల జాగ్రత్త కావాలి. పప్పుని మూకుట్లో నూనె లేకుండా కమ్మటి వాసన వచ్చేదాకా వేయించి, కడిగి, గుప్పెడు బియ్యంతో కలిపి మూడు గంటలు నానబెట్టాలి. వేయించకుండా రుబ్బితే బెల్లంతో కలిసినప్పుడు పచ్చివాసన పైకి వస్తుంది. కారప్పెసరట్టులో అల్లం, జీలకర్ర ఆ వాసనని కప్పేస్తాయి, తీపిలో కప్పేది ఏలకులు తప్ప ఇంకేమీ లేదు. బియ్యం పూర్తిగా మానేయొద్దు. అది అట్టుకి కరకర ఇస్తుంది. పైగా పప్పులో తక్కువగా ఉండే కొన్ని అమైనో ఆమ్లాలు (ప్రొటీన్ తయారయ్యే ముక్కలు) బియ్యంలో ఉంటాయి, బియ్యంలో కొరవడే లైసిన్ అనే అమైనో ఆమ్లం పప్పులో ఉంటుంది. రెండూ కలిసినప్పుడే ఒంటికి పూర్తిగా పనికొచ్చే ప్రొటీన్ అవుతుంది.

ఇక బెల్లం. పిండిలో బెల్లం కలిపితే పెనానికి అంటుకుంటుంది, అట్టు కాలేలోపే అడుగు నల్లబడుతుంది. దానికోసం నూనె పెంచుతాం, మంట తగ్గిస్తాం, అయినా మొదటి రెండు అట్లూ ముక్కలే. దీనికి మంచి మందు ఉంది: బెల్లాన్ని పిండిలోంచి బయటికి తీసేయండి. పిండిలో చిటికెడు ఉప్పు, ఏలకుల పొడి మాత్రమే వేసి, అట్టు మామూలుగా పోయండి. పెనానికి వంకాయ తొడిమతో నూనె రాస్తే చాలు, ఉల్లిపాయతో రాస్తే తీపిలో ఆ వాసన తగులుతుంది. అడుగు ఎర్రగా కాలి అంచు లేచాక, పైన తురిమిన బెల్లం రెండు టీ స్పూన్లు, పచ్చికొబ్బరి ఒక స్పూను, వేయించిన నువ్వులు ఒక స్పూను చల్లి మూత పెట్టండి. అర నిమిషంలో బెల్లం చెమర్చినట్టు కరిగి కొబ్బరిని పట్టుకుంటుంది. మడిచి తీసేయడమే.

పిండంతా కలిసిపోయిన 30 గ్రాముల బెల్లం కంటే, పైన చల్లిన 10 గ్రాములు నాలుకకి ఎక్కువ తీపిగా తగులుతుంది, ఎందుకంటే అది నేరుగా నోటికి వస్తుంది. “ఇదేటమ్మా, తీపట్టు మీద బెల్లం సల్లడమేటి” అని మొదట్లో విడ్డూరంగా చూసిన మా ఇంటి పెద్దవాళ్లే ఇప్పుడు పెరట్లో కొబ్బరికాయ దించితే ముందు ఈ అట్టే అడుగుతున్నారు.

పొట్టు పెసలతో చేయొచ్చా? చేయొచ్చు, పీచు ఎక్కువ. కానీ తీపికి పొట్టు తీసిన పప్పే బాగుంటుందని నా అభిప్రాయం. పచ్చగా ఉండే పిండి బెల్లంతో రుచిలో అంతగా కుదరదు. పొట్టు పెసల్ని కారప్పెసరట్టుకే ఉంచుకోండి.

13 గ్రాములు 15కి కాస్త తక్కువ. పైన చల్లిన నువ్వులు ఒకటి రెండు గ్రాములు కలుపుతాయి, పక్కన అర గ్లాసు పాలు ఉంటే దాటేస్తుంది.

## మినప రొట్టి: రుచిలో దీన్ని మించింది లేదు, టైమే కావాలి

నిజానికి మన పాత టిఫిన్లలో ప్రొటీన్‌కి దగ్గరగా ఉన్నది ఇదే. దిబ్బరొట్టి అనేవాళ్లూ ఉన్నారు. ఒక వంతు మినప్పప్పు, రెండు వంతుల బియ్యపు రవ్వ అన్నది ఇళ్లలో నడిచే కొలత. అలా 90 గ్రాముల సరుకులో ప్రొటీన్ దాదాపు 12 గ్రాములు. పప్పూ రవ్వా సమానం చేస్తే 14కి వెళుతుంది. అంతకన్నా పప్పు పెంచమని మాత్రం చెప్పను. లోపల మరీ మెత్తబడి గారె ముద్దలా అవుతుంది, కాలడానికి ఇంకా టైం పడుతుంది.

పప్పుని నీళ్లు వీలైనంత తక్కువ పోసి గట్టిగా రుబ్బాలి. రవ్వ విడిగా నానబెట్టి, పిండి నీళ్లు తీసేసి కలపాలి. రాత్రంతా ఉంచితే కొద్దిగా పొంగుతుంది, అది మంచిదే. పులియడం వల్ల పప్పు తేలిగ్గా అరుగుతుంది. పొద్దున్నే మందపాటి మూకుట్లో నూనె వేసి, పిండిని రెండు వేళ్ల మందాన పరిచి, మూత పెట్టి సన్నటి సెగ మీద వదిలేయాలి. పన్నెండు పదిహేను నిమిషాలకి అడుగు ఎర్రటి అట్టకడుతుంది, అప్పుడు తిరగేయాలి. మధ్యలో మూత తీసి చూడాలన్న తొందర ఉంటే ఈ రొట్టి కుదరదు, లోపలి ఆవిరి పోతే మధ్యలో పచ్చిగా ఉండిపోతుంది.

దీనిలో గొప్ప విషయం, తీపి ఎప్పుడూ పక్కనే ఉంటుంది, పిండిలో ఉండదు. సంక్రాంతి ముందూ వెనకా బెల్లం వండే రోజుల్లో చెరకు పానకం దొరుకుతుంది. లేనప్పుడు బెల్లాన్ని కొంచెం నీళ్లలో కరిగించి, ఇసుక పోయేలా వడకట్టి, తీగ రాకముందే దింపేసి ఏలకులు వేసుకుంటే సరి. పానకాన్ని చిన్న గిన్నెలో ఒక్కొక్కరికి మూడు టీ స్పూన్లు కొలిచి ఇవ్వండి. రొట్టి మీద గరిటెతో పోసే అలవాటే అసలు ప్రమాదం, ఎంత పోశామో లెక్క ఉండదు.

వారంలో ఆదివారానికి, లేదా సెలవు రోజుకి ఇది సరైనది. నూనె కూడా అట్టు కంటే ఎక్కువే పడుతుంది. పళ్లు సరిగా లేని పెద్దవాళ్లకి అంచు గట్టిగా ఉంటుంది, వాళ్లకి మధ్య భాగం పెట్టండి.

## గుడ్డు కొట్టిన అట్టు

తొందరలో ఉన్నవాళ్లకి దీనికి సాటి లేదు. ఒక గుడ్డులో ఆరు గ్రాములకి పైగా ప్రొటీన్, అదీ ఒంటికి బాగా పట్టేది. గోధుమపిండి, గుడ్డు, పాలు, ఏలకుల పొడి కలిపి పది నిమిషాలు ఉంచి చిన్న చిన్న అట్లు పోస్తే మెత్తగా పొంగుతాయి. బెల్లాన్ని పాకంగా కలపాలనుకుంటే అది పూర్తిగా చల్లారాకే పోయండి. వేడిగా పోస్తే గుడ్డు గడ్డకడుతుంది, పాలు విరుగుతాయి.

గుడ్డు వాసన పడనివాళ్లు కాస్త ఎక్కువ ఏలకులు వాడితే చాలావరకు తెలియదు. కార్తీకమాసం, శనివారాలు, ఇంట్లో వేరే పెనం ఉండాలన్న పట్టింపు ఉన్న చోట ఇది కుదరదు, దాని గురించి ఎవరితోనూ వాదించనక్కర్లేదు, పైన రెండు దారులున్నాయి. గదుల్లో ఉండి చదువుకునే పిల్లలకి, ఒక్క గ్యాస్ స్టవ్, ఒక్క పెనంతో బతికే ఉద్యోగులకి మాత్రం ముందు ఇదే చెబుతాను.

## పనీర్ అట్టు

శాకాహారులకి గుడ్డు అట్టు ఇచ్చే మెత్తదనం ఇస్తుంది. ఇంట్లో పాలు ఎక్కువైనా, విరిగిపోయినా ఇది మంచి వాడకం. నిమ్మరసంతో విరగ్గొట్టి, గుడ్డలో వడకట్టిన ముద్దని మిక్సీలో తిప్పి పిండిలో కలపాలి. మిగిలిన విరుగుడు నీళ్లు పారబోయొద్దు, వాటితోనే పిండి కలుపుకుంటే అందులోని ప్రొటీన్ కూడా అట్టులోకే వస్తుంది. రోజూ కొనాలంటే ఖర్చు ఎక్కువ, కొవ్వూ ఎక్కువే.

పాల ప్రొటీనే కదా అని మందస ఊరి కోవా అట్టు మీద వేసుకోవచ్చా అని అడిగేవాళ్లుంటారు. కోవాలో ప్రొటీన్ ఉన్నమాట నిజమే, దాంతోపాటు చక్కెర, కొవ్వు అంతకు మించి వస్తాయి. పండగ రోజు కోవాని కోవాగా తినండి, హాయిగా.

## చోడి అట్టు: మంచిదే, కానీ అనుకున్న కారణానికి కాదు

ఉత్తరాంధ్రలో చోళ్ల మీద ఉన్న నమ్మకం ఊరికే రాలేదు. చోడి అంబలి తాగి పొలంలో మధ్యాహ్నం దాకా పని చేసినవాళ్లు మన ఇళ్లలోనే ఉన్నారు. వంద గ్రాముల చోళ్లలో కాల్షియం 360 మిల్లీగ్రాముల పైనే, పీచు 11 గ్రాముల దాకా ఉంటుంది. బియ్యంలో ఈ రెండూ నామమాత్రం. ఆకలి ఆగడానికి ఆ పీచే కారణం.

కానీ ప్రొటీన్ విషయంలో చోళ్లు బియ్యం కంటే గొప్పవి కావు. వంద గ్రాములకి 7 గ్రాములే, గోధుమల కంటే బాగా తక్కువ. “చోడిపిండిలోకి మారాం, ప్రొటీన్ సమస్య తీరిపోయింది” అనుకుంటే పొరపాటు. చోడిపిండికి తోడు కావాలి. పుట్నాల పప్పు, వేయించిన వేరుశనగ గుళ్లు పొడి చేసి డబ్బాలో పెట్టుకుని, కలిపేటప్పుడు వేసుకుంటే 11 గ్రాములు వస్తుంది. నీళ్లకి బదులు ఒక కప్పు పెరుగుతో కలిపితే 14 దాటుతుంది, బెల్లం తీపితో ఆ కాస్త పులుపు బాగా కుదురుతుంది కూడా.

చోడి అట్టు విరిగిపోతుందన్నది అందరి ఫిర్యాదు. గోధుమలో ఉండే జిగురు చోళ్లలో ఉండదు, అందుకే విరుగుతుంది. పల్చగా పోయకుండా అరచేయంత చిన్న రొట్టెలుగా మందంగా పోయండి, లేదా రాత్రి రుబ్బిన మినప్పిండి రెండు గరిటెలు కలపండి, నిలబడుతుంది.

ఇక్కడే పలాస జీడిపప్పు మాట. శ్రీకాకుళం జిల్లా ఉద్దానం తోటల జీడిపప్పు మనందరికీ గర్వం. దానిలో ప్రొటీన్ వందకి 19 గ్రాములు, కొవ్వు 45 గ్రాములు. వేరుశనగలో ప్రొటీన్ అంతకన్నా ఎక్కువ, 24 గ్రాముల దాకా, ధర చాలా తక్కువ. ప్రొటీన్ కోసమైతే వేరుశనగ, అట్టు మీద నాలుగు పలుకులు అందంగా ఉండాలంటే జీడిపప్పు.

## ప్రొటీన్ పొడి, మీల్‌మేకర్

ఒక స్కూపు వే ప్రొటీన్‌లో (పాల విరుగుడు నీళ్ల నుంచి తీసే పొడి) సాధారణంగా 20 నుంచి 25 గ్రాముల ప్రొటీన్ ఉంటుంది. లెక్కలో దీన్ని ఏదీ కొట్టలేదు. అయినా మామూలు ఇంటికి నేను దీన్ని చెప్పను. జాతీయ పోషకాహార సంస్థ 2024 ఆహార మార్గదర్శకాల్లో కండ పెంచడం కోసం ప్రొటీన్ సప్లిమెంట్లు వాడొద్దనే చెప్పింది. పప్పు, గుడ్డు, పాలతో అందేదాన్ని అంత డబ్బు పెట్టి కొనడం అనవసరం. వంటలో కూడా ఇబ్బందే, వేడి తగిలితే అట్టు రబ్బరులా సాగుతుంది. డాక్టరు చెప్పి వాడుతున్నవాళ్లు పొడిని పిండిలో నాలుగో వంతుకి మించనివ్వకండి, లేదంటే అట్టు మామూలుగా చేసుకుని పొడిని గోరువెచ్చటి పాలలో కలుపుకోండి. డబ్బా మీద ఒక స్కూపుకి ప్రొటీన్ ఎంత, చక్కెర ఎంత అన్నది చదవకుండా కొనొద్దు.

మీల్‌మేకర్ పొడి చవక, వందకి 50 గ్రాముల దాకా ప్రొటీన్. తీపిలో దాని వాసన కప్పడం కష్టం. కూరలో వేసుకోండి.

## ఇక ఎవరికి ఏది

చిన్నపిల్లలున్న ఇంట్లో ఆదుర్దా వద్దు. నాలుగు నుంచి ఆరేళ్ల పిల్లలకి రోజంతా కలిపి కావాల్సింది 16 గ్రాములు, ఏడు నుంచి తొమ్మిదేళ్ల వాళ్లకి 23 గ్రాములు. ఒక్క పెసరపప్పు అట్టు తిని, కాసిని పాలు తాగితే ఆ పూటకి సరిపోయింది. పిల్లల పళ్లెంలో 15 గ్రాములు నింపాలని కుక్కి తినిపించాల్సిన పనిలేదు. ఆ వయసులో బెల్లం అలవాటు తగ్గించడమే పెద్ద లాభం.

గర్భిణులకి అవసరం పెరుగుతుంది, నాలుగో నెల నుంచి ఆరో నెల దాకా రోజుకి దాదాపు 10 గ్రాములు, చివరి మూడు నెలల్లో 22 గ్రాములు అదనంగా. పాలిచ్చే తల్లులకి కూడా అంతే ముఖ్యం. వీళ్లకి గుడ్డు అట్టు లేదా పెసరపప్పు అట్టు, పక్కన పాలు. గుడ్డు బాగా ఉడకాలి, లోపల పచ్చిగా ఉండకూడదు. అంగన్‌వాడీలో ఇచ్చే గుడ్డు, పాలు ఇంటికి తెచ్చి అందరికీ పంచేయకుండా ఆమే తినేలా చూడటం ఇంట్లో పెద్దవాళ్ల బాధ్యత.

షుగర్ ఉన్నవాళ్లకి పెసరపప్పు అట్టే మేలు, బెల్లం చల్లకుండా కొబ్బరి, నువ్వులు, ఏలకులతో. మరీ ఉండలేకపోతే ఒక్క టీ స్పూను బెల్లం, అదీ డాక్టరుకి చెప్పి, తిన్న రెండు గంటలకి షుగర్ చూసుకుని. ఖర్జూరం పాకం, తేనె పోసుకుంటే పర్లేదన్న మాట నమ్మకండి. తాటిబెల్లమైనా లెక్కలో చక్కెరే.

జిమ్‌కి వెళ్లే కుర్రాళ్లకి రెండు గుడ్ల అట్టు, లేదా పనీర్ అట్టుతో ఒక గ్లాసు పాలు. 20 గ్రాములు ఇట్టే దాటుతుంది.

గ్యాస్ పట్టేవాళ్లు మినప్పప్పుతో కాదు, పెసరపప్పుతో మొదలుపెట్టండి. అదీ మొదటి వారం సగం పప్పు, సగం గోధుమపిండి. పీచు, పప్పు ఒక్కసారిగా పెంచితే పొట్ట ఒప్పుకోదు, రెండు వారాల్లో అలవాటు పడుతుంది.

## ఉద్దానం ఇళ్లకి, మూత్రపిండాల జబ్బు ఉన్నవాళ్లకి

ఇప్పటిదాకా చెప్పినదంతా మూత్రపిండాలు బాగున్నవాళ్లకి. ఉద్దానంలోని కవిటి, సోంపేట, కంచిలి, ఇచ్ఛాపురం, మందస, వజ్రపుకొత్తూరు, పలాస మండలాల్లో ఈ జబ్బు ఎంతమందిని తీసుకుపోయిందో వేరే చెప్పనక్కర్లేదు. 2023 డిసెంబరులో పలాసలో 200 పడకల కిడ్నీ ఆసుపత్రి, పరిశోధన కేంద్రం మొదలైంది కూడా ఇందుకే.

జబ్బు ఉండి డయాలిసిస్ దాకా వెళ్లనివాళ్లకి డాక్టర్లు సాధారణంగా ప్రొటీన్‌ని తగ్గిస్తారు. వాళ్లకి ఈ పట్టికలో మామూలు అట్టు తప్ప మిగతా వరసలు పనికిరావు, ప్రొటీన్ పొడి అసలే వద్దు. పప్పులు, వేరుశనగ, పాలు, చోళ్లలో పొటాషియం, ఫాస్ఫరస్ కూడా ఉంటాయి, జబ్బు ముదిరాక వాటినీ కొలిచి తినాలి. బెల్లంలో కూడా పొటాషియం ఉంటుంది. డయాలిసిస్ చేయించుకునేవాళ్ల సంగతి దీనికి పూర్తిగా తిరగబడుతుంది. డయాలిసిస్‌లో ఒంట్లోంచి కొంత ప్రొటీన్ పోతుంది కాబట్టి వాళ్లకి ఎక్కువే కావాలి, అది గుడ్డు రూపంలో తినమని చెప్పడం మామూలు. ఒకే ఇంట్లో ఇద్దరికి జబ్బున్నా ఒకరి తిండి మరొకరికి పెట్టకూడదు.

మొదటి దశల్లో ఈ జబ్బుకి నొప్పి, లక్షణం ఏమీ ఉండకపోవచ్చు. కాబట్టి ఆ మండలాల్లో ఉండేవాళ్లు, ఇంట్లో ఎవరికైనా ఈ జబ్బు వచ్చినవాళ్లు, బీపీ, షుగర్ ఉన్నవాళ్లు తిండిలో ప్రొటీన్ పెంచేముందు మూత్రపిండాల పనితీరు చెప్పే రక్తంలో క్రియాటినిన్, మూత్రంలో ప్రొటీన్ పరీక్షలు చేయించుకోండి. ఆ రిపోర్టు చూసి డాక్టరు సరే అన్నాకే పిండి మార్చండి.

## ఒకే ఇంట్లో నలుగురు నాలుగు రకాలైతే

షుగర్ ఉన్న తాతయ్య, గర్భిణి కోడలు, బడికెళ్లే గుంట, నైట్ డ్యూటీ చేసొచ్చే కొడుకు ఒకే కప్పు కింద ఉంటే ఎవరికి వాళ్లకి వేరే పిండి రుబ్బడం ఏ ఇల్లాలి వల్లా కాదు, అడగనూ కూడదు. బెల్లం లేని పెసరపప్పు పిండి ఒక్కటి రుబ్బి ఫ్రిజ్‌లో పెట్టండి, రెండు రోజులు ఆగుతుంది. బెల్లం పిండిలో లేదు కాబట్టి ఒక్కొక్కరి అట్టు పెనం మీదే వేరవుతుంది. తాతయ్య అట్టు మీద కొబ్బరి, నువ్వులే. కోడలికి రెండు అట్లు, బెల్లం రెండు స్పూన్లు, పెద్ద గ్లాసు పాలు. గుంటకి అరచేయంత అట్టు, పైన ఒక స్పూను బెల్లం. కొడుకు తనకి కావాల్సిన గిన్నెడు పిండి వేరే తీసుకుని, అందులో గుడ్డు కొట్టి, అందరివీ అయ్యాక తనే పోసుకోవచ్చు.

తురిమిన బెల్లాన్ని మూత బిగుతుగా ఉన్న డబ్బాలో ఉంచి, అందులో టీ స్పూను మాత్రమే వేయండి. వానాకాలం మన దగ్గర తేమకి బెల్లం నీరు కారి ముద్దవుతుంది, అప్పుడు స్పూను కొలత తప్పుతుంది, కాబట్టి వారానికి సరిపడా మాత్రమే తురుముకోండి.